మంచిగనే ఉన్న

పెన్ను నీ చేతిలో ఉంది. ఎదురుగా కాగితం. సగం అరబ్బీ, సగం ఇంగ్లిష్. అందులో నీకు అర్థమయ్యేది ఒక్క అంకె: 900. జగిత్యాలలో ఏజెంటు చూపించిన కాగితంలో 1,200 దిర్హాలని ఉంది. బల్ల అవతల కూర్చున్నవాడు గడియారం చూసుకుంటున్నాడు. నీ వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కావు. నాలుగు గంటల ప్రయాణంలో కునుకు పట్టలేదు.

అడగాలి. అడగాలంటే హిందీ కావాలి. నీకొచ్చింది సినిమా హిందీ. ఇష్టం లేకపోతే వాపస్ పొమ్మంటే? ఏజెంటుకు లక్షా నలభై వేలు కట్టావు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన డబ్బు. నెలనెలా 4,200 మిత్తికే పోతుంది. రిజిస్టరైన ఏజెంటు తన చార్జీగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదని రూలుంది. ఆ సంగతి నీకు తెలిసేసరికి ఏడాది పడుతుంది. ఇప్పుడు నీ బుర్రలో తిరుగుతున్నది ఒకటే లెక్క. దిర్హానికి 23 రూపాయలు. తొమ్మిది వందల ఇరవై మూళ్లు 20,700. లెక్క తేలేలోపే నీ చెయ్యి సంతకం పెట్టేసింది.

నీ పాస్‌పోర్టు సొరుగులోకి వెళ్లింది. "సేఫ్," అన్నాడు అవతలివాడు. సొరుగుకు తాళం పడింది.

సాయంత్రం క్యాంపు పక్క బఖాలాలో, అంటే కిరాణా కొట్లో, సమోసా చేతిలోకి తీసుకుంటావు. దిర్హం. అంటే 23 రూపాయలు. మళ్లీ పళ్లెంలో పెట్టేస్తావు. నువ్వు మారడం మొదలైంది ఇక్కడే. ఇకమీదట నువ్వు ముందు గుణించి, తర్వాతే ఆకలి సంగతి చూసుకుంటావు.

నాలుగో రోజు. తెల్లవారుజామున నాలుగు గంటలు. ఇది దుబాయ్ అంచున ఉన్న సోనాపూర్. మ్యాపులో పేరు ముహైస్నా. సోనాపూర్ అంటే బంగారు ఊరు. గదిలో ఎనిమిది మంచాలు, నాలుగు కింద, నాలుగు పైన. నీది పైది. లేచి కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది, అందుకే పడుకునే చొక్కా తొడుక్కుంటావు. కింద మంచం మీద ఉన్నది మీ ఊరి అన్నే. పదకొండేళ్లుగా ఇక్కడున్నాడు. ఊళ్లో వాళ్ల వాడ చెరువు కింద ఉంటుంది. మీ ఇంటికి పని మీద వస్తే వాకిట్లోనే నిలబడేవాడు, చెంబెత్తి దోసిట్లో పోస్తే నీళ్లు తాగేవాడు. ఇక్కడ నీకు సబ్బు ఇచ్చింది, బాత్రూం వరుసలో నీ బకెట్ పెట్టింది ఆయనే.

బస్సు. సైటు. పదకొండో అంతస్తు. నువ్వు హెల్పర్‌వి, ఇనుప చువ్వలు మోయాలి. ఎనిమిదింటికే చువ్వ వేడి గ్లోవ్స్ దాటి చేతికి తగులుతోంది. జగిత్యాల ఎండ చూసినవాణ్ని, నాకిదో లెక్కా అనుకున్నావు. కానీ ఇక్కడ సముద్రం పక్కనే ఉంది. గాలి తడిగుడ్డలా మీద పడుతుంది. పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పది గంటలకు నీ చొక్కా పిండితే కారేంత తడి. పదకొండింటికి పిక్కలు పట్టేశాయి. పన్నెండింటికి బాటిల్లో నీళ్లు అయిపోయాయి. డ్రమ్ము కింది అంతస్తులో ఉంది. దిగొచ్చేసరికి ఫోర్‌మన్ చూస్తాడేమోనని ఆగావు.

ఇవాళ జూన్ 10. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నరకు పని ఆపాలి, మూడింటి వరకు ఎండలో ఎవరితోనూ పని చేయించకూడదు. మీరిన కంపెనీకి మనిషికి 5,000 దిర్హాల జరిమానా. ఆ రూలు మొదలవడానికి ఇంకా ఐదు రోజులుంది. ఎండకు ఆ తేదీ తెలియదు.

ఒంటిగంట. చెమట ఆగిపోయింది.

హమ్మయ్య అనుకుంటావు. తప్పు.

చొక్కా ఆరిపోతోంది. ఒళ్లు కాలుతోంది. చువ్వ బరువు తెలియడం లేదు. చేతులు నీవి కావు. ఎవరో పిలుస్తున్నారు. దూరంగా. పక్కనే.

"తమ్మీ! ఇటు చూడు. మన ఊరి పేరు చెప్పు."

నోరు తెరుస్తావు.

పేరు రాదు.

చెరువు కనిపిస్తోంది. రావిచెట్టు కనిపిస్తోంది. బస్టాండు గోడ మీద రాసిన అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. చదవలేకపోతున్నావు. నవ్వొస్తుంది. మోకాళ్లు మడుచుకుపోయాయి.

నీడ. ఎవరో లాక్కెళ్లారు. తల మీద నీళ్లు. మెడకు తడిగుడ్డ. చంకల్లో తడిగుడ్డ. అట్టముక్కతో విసురుతున్నారు. పైనుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అంటున్నాడు. లేవాలి. లేవకపోతే సగం రోజు జీతం పోతుంది. పదిహేను దిర్హాలు. 345 రూపాయలు. లేవబోతావు.

అన్న నీ ఛాతీ మీద చెయ్యి పెట్టి అదుముతాడు. "లేస్తే సస్తవ్. పండుకో."

బాటిల్ మూతతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తున్నాడు. ఆయన తాగిన బాటిలే. గొంతు దిగుతున్న ప్రతి గుక్కా నీకు తెలుస్తోంది. చాలాసేపటికి నోట్లోంచి ఊరి పేరు వచ్చింది. అన్న అట్టముక్క పక్కన పడేసి, మొహం అటు తిప్పుకొన్నాడు.

ఎండలో చచ్చిపోయేది బలహీనులేనని అనుకునేవాడివి. కాదు. కొత్తవాళ్లకే ఎక్కువ ప్రమాదం. ఏ ఒంటికైనా కొత్త వేడికి అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. వచ్చిన మొదటి రోజుల్లో పని తక్కువ పెట్టి మెల్లగా పెంచాలి. నువ్వు నాలుగో రోజే పాతవాళ్లతో సమానంగా మోశావు. మాట తడబడిందంటే, తెలిసిన సంగతి గుర్తు రావడం లేదంటే, వేడి మెదడు దాకా పోయిందని గుర్తు. అందుకే అన్న ఊరి పేరు అడిగాడు.

రాత్రి ఎనిమిది. ఇంటి దగ్గర తొమ్మిదిన్నర. వాట్సాప్‌లో కాల్ పోదు, ఈ దేశంలో కుదరదు. అందరిలాగే నువ్వూ బోటిమ్ వేసుకున్నావు. జుట్టు తడి చేసి దువ్వుకున్నావు. మంచాలు కనపడకుండా ఫోను గోడ వైపు తిప్పావు. మోగుతోంది. చెప్తావా?

"తిన్నవా బిడ్డా? ఎట్లున్నవ్?"

అమ్మ వెనక, మంచం మీద ఎనిమిది నెలల నీ కూతురు నిద్రపోతోంది.

"మంచిగనే ఉన్న అవ్వా. మీరు?"

"మేం మంచిగనే ఉన్నం."

ఫోను పెట్టేశాక కింది మంచం నుంచి అన్న గొంతు వినిపిస్తుంది. ఆయన వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. ఎండ గురించి, ఖుబ్బూస్ రొట్టె గట్టిగా ఉండడం గురించి, ఇవాళ ఒక పిల్లగాడు పడిపోవడం గురించి. ఉన్నది ఉన్నట్టు. ఇంటికి ఇవన్నీ చెప్పడం ఎందుకు, పిచ్చి మనిషి అనుకుంటూ దుప్పటి కప్పుకుంటావు.

నెలలు గడుస్తాయి. నీ తెలుగులో "ఖలాస్" చేరింది. మలయాళంలో బస్సు చార్జీ అడుగుతావు, నేపాలీలో తిట్లు అర్థం చేసుకుంటావు. వంట వంతులవారీగా చేస్తారు. సోమవారం అన్న వంతు. ఆయన వండిన పప్పు కోసం ఆదివారం నుంచే ఎదురుచూస్తావు. ఊళ్లో ఆ ఇంటి గడప కూడా తొక్కలేదన్న సంగతి మొదట్లో గుర్తొచ్చేది. తర్వాత గుర్తు రావడం మానేసింది.

ఏడో నెల. రాత్రి పది. బ్యాగు నీ భుజాన ఉంది. షార్జాలో పని ఉందని ఒకడు ఫోన్ చేశాడు. రోజుకు వంద దిర్హాలు, ఏ రోజుది ఆ రోజే చేతిలో పెడతాడు. నెలకు ఇరవై ఆరు రోజులు వేసుకున్నా 2,600. గేటు దాటితే చాలు. కానీ దాటితే నువ్వు ఖల్లివెల్లి. అరబ్బీలో పోతే పోనీ, వదిలెయ్ అనే మాట అది. మనవాళ్ల నోట మనిషికి పేరైంది. కంపెనీ వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా బతికేవాడని అర్థం.

గేటు ఇరవై అడుగుల దూరం. కాపలావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. రోడ్డు మీద వ్యాను లైట్లు ఆర్పుకుని ఆగి ఉంది.

పది అడుగులు.

వెనక చెప్పుల చప్పుడు. అన్న.

ఆపడు. పక్కన నడుస్తూ లెక్క చెప్తాడు. వీసా పోయాక రోజుకు 50 దిర్హాల జరిమానా. ఏడాదికి 18,250. కట్టకుండా దేశం దాటనివ్వరు. క్షమాభిక్ష పెట్టినప్పుడే దారి. 2024లో సెప్టెంబర్ 1న మొదలుపెట్టి డిసెంబర్ 31తో మూసేశారు. మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"మా నాయిన సచ్చినప్పుడు నేను ఖల్లివెల్లి," అంటాడు. "వీడియోల సూసిన."

వ్యాను హారన్ కొట్టింది. ఒకసారి. రెండోసారి.

నువ్వు కదలవు.

వ్యాను వెళ్లిపోయింది.

మర్నాడు అన్న నీ మంచం చెక్క మీద బొగ్గుతో ఒక నంబరు రాస్తాడు: 800 46342. దుబాయ్‌లో మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం. ఫోను ఉచితం. చేశావు. ఏజెంటు కాగితాన్ని ఊళ్లో ఫోటో తీసుకున్నావు, అది పనికొచ్చింది. మనిషి పాస్‌పోర్టును కంపెనీ దగ్గర పెట్టుకోవడం ఈ దేశంలోనూ చట్టవిరుద్ధమేనని అప్పుడు తెలిసింది. మూడు నెలలకు నీ పాస్‌పోర్టు నీ చేతికొచ్చింది. జీతం మాత్రం 900 దగ్గరే ఉంది.

రెండేళ్లు. రెండు నెలల సెలవు. ఇంటి ముందు ఆటో దిగుతావు. పాలపొడి, బ్లాంకెట్, అత్తరు, ఖర్జూరాలు. కూతురు గడపలో నిలబడి నిన్ను చూస్తోంది. "నాయిన ఏడమ్మా?" అని ఎవరో అడిగారు. లోపలికి పరుగెత్తి ఫోను తెచ్చి చూపించింది.

రాత్రి నిద్ర పట్టదు. ఏడుగురి గురక లేదు. తెల్లవారి అయిదున్నరకు దానంతటదే మెలకువ వస్తుంది. అక్కడ నాలుగు. బయటికి వస్తే నాయిన కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తున్నాడు. పోయిన ఏడాది తుంటి ఎముక విరిగిందట. ఆపరేషనట.

"నాకెందుకు చెప్పలే?" అమ్మ మీద అరుస్తావు.

"ఎండల పడ్డ సంగతి నువ్వు చెప్పినవా?"

ఆమెకెలా తెలుసు? చెరువు కింది వాడకు వెళ్లింది. కొడుకు ప్రతి రాత్రీ మంచిగనే ఉన్నానంటున్నాడు, నమ్మబుద్ధి కాలేదు. ఆ అన్న వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి వాకిట్లో నిలబడి అడిగిందట. ఆమె పీట వేసి కూర్చోబెట్టి, కొడుకు చెప్పినదంతా చెప్పిందట. అప్పటినుంచి వారం వారం వెళ్తోంది.

అన్న ఇచ్చి పంపిన ఖర్జూరాల పొట్లం ఉంది. పట్టుకుని చెరువు దిగువకు నడుస్తావు. ముసలమ్మ పళ్లెం పెడుతుంది. దారిలో ఇద్దరు నిలబడి చూస్తున్నారు. పప్పు. అదే తాలింపు. చొక్కా చేతులు మడిచి కూర్చుంటావు.

సెలవు ఇంకా పది రోజులుంది. రాత్రి ఫోను మోగుతుంది. పక్కింటి పిల్లగాడు. దుబాయ్ వెళ్లి మూడో రోజు. జుట్టు తడి చేసి దువ్వుకున్నాడు. ఫోను గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఎట్లున్నవ్ తమ్మీ?"

"మంచిగనే ఉన్న అన్నా."

ఆ మాట నీకు తెలుసు. ఎన్ని వందలసార్లు అన్నావో నీకే తెలుసు. పెట్టేయకు. ఇయ్యాల నీళ్లెన్ని తాగినవ్ అని అడుగు. పాస్‌పోర్టు ఎవలకాడున్నదో అడుగు. కాగితంల ఎంత రాసిన్రో అడుగు. నంబరు రాసుకోమను. వాడు ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించేదాకా అడుగు. అసలు ఫోను అప్పుడు మొదలవుతుంది.