మరగరాని నీటి రొద

ఎసరు పొయ్యిమీద నుండగా, తెర్లుటకు ముందు సన్నని రొద చేయుటయు, తెర్లనారంభించిన పిమ్మట ఆ రొద అణగి మెత్తని సలసలగా మారుటయు మన గృహిణులెల్లరు ఎరిగినదే. వేడిమి హెచ్చినకొలది ధ్వనియు హెచ్చవలసియుండగా, తీరా మరగువేళకు అది తగ్గుటకు హేతువేమి? ఈ ప్రశ్నను చిన్నదిగా నెంచక విచారించిన తొలివారిలో స్కాట్లండు రసాయనశాస్త్రాచార్యుడు జోసెఫ్ బ్లాక్ ఒకడు. గ్లాస్గోలో గుప్తోష్ణ సిద్ధాంతమును నెలకొల్పి, 1766 నుండి ఎడింబరోలో బోధించిన ఈ పండితుని ఉపన్యాసములు ఆయన మరణానంతరము 1803లో అచ్చుపడినవి. ఆ హేతు విది: పాత్ర యడుగున పుట్టిన ఆవిరిబుడగ, పైనున్న చల్లని నీటిలోనికి లేచినంతనే తన వేడిమిని కోల్పోయి కుప్పకూలును. ఆ శూన్యమును పూరించుటకు నలుదెసలనుండి నీరు దూకి ఒండొంటితో ఢీకొనును. ఆ తాకిడియే రొద. నీరంతయు సమానముగా వేడెక్కిన పిదప బుడగలు నడుమ కూలక ఉపరితలమునకు వచ్చి పగులును గనుక కోలాహలము సద్దుమణగును.

ఎసటిరొదకు ఎవ్వరును భయపడరు. కాని బ్రిటనునందు ఇల్లంతటిని వెచ్చగా నుంచుటకై గోడకు బిగించిన గ్యాసు బాయిలరు అట్టి రొదయే చేసినచో ఇంటివారు కలవరపడుదురు. ఆ కలవరము అకారణమును గాదు. బాయిలరని పేరు పడినను ఆ యంత్రమున నీరు మరగనే కూడదు. సాధారణముగా అది 60 మొదలు 80 డిగ్రీల సెల్సియసు వరకు వేడెక్కి, పంపు త్రోయగా గొట్టములవెంట గదిగదిలోని రేడియేటర్లలో తిరిగి, చల్లబడి మరల చేరవలసినది. అందుచేత బాయిలరు కూతపెట్టినదన్నచో, లోపల నెచ్చటనో ఒక మూల, మరగరాని నీరు మరగుచున్నదని గ్రహింపవలెను. పనివారు దీనిని కెట్లింగ్ అందురు.

అట్లు మరగుటకు పెక్కు సందర్భములందు కారణము సున్నము. లండను నగరము త్రాగు థేమ్సు నీరు సుద్దరాతి నేలలగుండా వచ్చునదగుటచే అందు కాల్షియం బైకార్బొనేటు కరగియుండును; నీరు కాగినపుడు అది విరిగి, బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోగా, కాల్షియం కార్బొనేటు తెల్లని పెచ్చుగా లోహమునకు అంటుకొనును. 1841లో ఆబర్డీను ఆచార్యుడు థామస్ క్లార్కు, సున్నపునీటిని సున్నముతోనే శుద్ధి చేయు విచిత్రమైన పద్ధతికి పేటెంటు పొంది, థేమ్సు నీటికి దానిని ప్రయోగింపవచ్చునని వాదించెను. నల్లరాతి నేలపై పారు మెత్తని నీటి యూరివాడు లండనువారి కఠినజలమునకై ఇంతగా చింతించుట ముచ్చట గొల్పును. గ్లాస్గోవారికి 1859 నుండి లాక్ కాట్రిన్ సరస్సు మృదుజలము లభించినది గనుక ఈ బెడద వారినంతగా బాధింపలేదు.

ఇంతకును, కూలిన బుడగ యెంత బలముతో కూలునను లెక్క వంటయింటినుండియే గాక సముద్రమునుండియు పుట్టినది. 1890 దశకమున బ్రిటిషు నౌకాదళపు డేరింగ్ అను డిస్ట్రాయరు, యంత్రబల మెంతయున్నను, నౌకను త్రోయు చక్రపు (ప్రొపెల్లరు) రెక్కలు నీటిని చీల్చి శూన్యములు కల్పించుచుండుటచే, ఆశించిన వేగము నందుకొనక తడబడినది. ఇంజనీరు చార్లెస్ పార్సన్సు తన టర్బీనియా నౌకను 1894లో నీట దింపినపుడు ఆయనకును ఇదే విఘ్నము కలిగి, వేగము 20 నాట్లకు లోపలనే నిలిచిపోయినది. ఆయన వెనుదీయక, నీటిని మరగుటకు కొలది డిగ్రీల లోపల కాచి, అందు చిన్న చక్రమును త్రిప్పి బుడగల పుట్టుకను కంటితో చూచెను. పిమ్మట నౌకకు మూడిరుసులను, తొమ్మిది చక్రములను అమర్చి, 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకాప్రదర్శనమున స్పిట్‌హెడ్డువద్ద ఎవరికిని చిక్కక పరుగెత్తించెను. ఇదే కాలమున మాంచెస్టరు ఆచార్యుడు ఆస్బర్న్ రెనాల్డ్సు, సన్నని నొక్కుగల గాజుగొట్టమున చన్నీటిని వేగముగా పోనిచ్చినచో అది వేడియే లేకుండ ‘మరగి’, కెటిలువలె బుసకొట్టునని చూపెను. ఆయన చేసిన కెటిలురొద వర్ణనమును చదివి భౌతికశాస్త్రవేత్త లార్డు రేలీ గణితమునకు పూనుకొనెను. 1917లో ఆయన ప్రకటించిన వ్యాసము ననుసరించి, బుడగ తన వ్యాసార్ధమున ఇరువదవ వంతునకు కుంచించుకొనిపోవు వేళ చుట్టునున్న నీటిలో పుట్టు ఒత్తిడి, వెలుపలి ఒత్తిడికి సుమారు 1260 రెట్లుండును. కంచు రెక్కలు ఏల చిల్లులుపడుచున్నవో అప్పుడు తేటపడినది. ఎసటిగిన్నె పలుకుటకును నౌకాచక్రము శిథిలమగుటకును మూలమొక్కటే యని నిరూపించిన ఈ చిన్న వ్యాసము నాకు ఆ మహాశయుని పెద్ద గ్రంథములకంటెను ప్రియమైనది.

బాయిలరుకు తిరిగివత్తము. సున్నపు పెచ్చు లోహమునకును నీటికిని నడుమ తెరవలె నిలిచి, పొయ్యిమంట వేడిమిని నీరు కొనిపోకుండ అడ్డగించును. పెచ్చు రంధ్రములలో చిక్కిన నీరు అతిగా వేడెక్కి ఆవిరియై, ప్రక్కన పోవు చల్లని నీరు తగిలినంతనే కూలును. పూర్వపు పోతయినుప బాయిలర్లలో నీరు విస్తారముగా పట్టుచుండెడిది. నేటి చిన్నపెట్టెలలో దారులు ఇరుకగుటచే స్వల్పమైన అడ్డంకియే చాలును. అయితే మూసియుంచిన వ్యవస్థలో ఒకమారు నింపిన నీటి సున్నము ఒకమారే పేరుకొనవలెను గదా! రొద యేటేట పెరుగుచున్నచో, ఎచ్చటనో కారుచున్నదనియు, ఆ లోటు తీర్చుటకు క్రొత్త సున్నపునీరు లోనికి పోవుచున్నదనియు శంకింపవలెను. ముందు ఒత్తిడిమానిని చూచుట యుక్తము. చల్లగా నున్నపుడు 1 మొదలు 1.5 బారు వరకు ముల్లు నిలువవలెను. పంపు మందగించినను, రేడియేటర్ల యినుము త్రుప్పుపట్టి నల్లని బురదగా మారి దారులను పూడ్చినను ఇదే రొద వినవచ్చును. ఆ బురదను కడిగించి, అయస్కాంతపు వడపోతను పెట్టించి, త్రుప్పు నరికట్టు ద్రవమును కలిపించవలెను. సున్నమును ఆమ్లముతో కరగించుట పనివాని వంతు. గలగల మను ధ్వని మాత్రము గాలి చేరుటవలన గలిగినదైనచో, వేడిని ఆపి, చల్లారిన పిదప రేడియేటరు తాళపుచెవితో గాలి విడుచుట ఇంటివారును చేసికొనవచ్చును. గొట్టములు టిక్కుటిక్కుమనుట వ్యాకోచించిన లోహము కొయ్యదూలములను ఒరయుటవలన, దానికి భయపడనక్కరలేదు.

హైదరాబాదులో బోరునీటిపై నడచు విద్యుత్ గీజర్లలో ఈ కథయే మరియొక రూపమున సాగుచున్నది. కాయిలుచుట్టును ఉప్పు పట్టగా గీజరు పేలాలు వేగునట్లు చిటపటలాడును. మెకానిక్కు విప్పినపుడు అడుగున తెల్లని పెచ్చులు గుట్టగా నుండును. విద్యుత్ సరఫరాను ఆపి, తొట్టిని ఖాళీచేయించి, పెచ్చును తీయించి, లోపల తుప్పునకు తాను బలియై తొట్టిని కాచు మెగ్నీషియం కడ్డీ అరిగినదేమో చూపించుకొనుట మేలు. పూర్వము మన ఇండ్లలో బొగ్గులతోను పుల్లలతోను కాచిన రాగి బాయిలరులోనైనను సున్నము పేరుకొనకపోలేదు గాని, దానిని దులుపుట పెరటి పనులలో నొకటిగా సాగిపోయెడిది.

ఇక గ్యాసు బాయిలరు వెలిగించినపుడు ఢామ్మను పేలుడు వినవచ్చినచో అది బుడగల పని కాదు. మంట ఆలస్యముగా అంటుకొనుటచే పోగుపడిన గ్యాసు ఒక్కుమ్మడిగా రగులుటవలన కలుగు ధ్వని యది. అప్పుడు ఆమ్లములను, తాళపుచెవులను వెదకుట మాని, బాయిలరును వెంటనే ఆపివేసి, బ్రిటనులోనైతే గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన పనివానినే పిలువవలెను. ఆయన వచ్చి చూచువరకు మరల వెలిగింపరాదు.