పట్టు ముందు, పదును తర్వాత

గుండ్రని వస్తువుకు బెజ్జం వేయడం చూపుకు చిన్న పని. చెక్క పూసకో, గవ్వకో, కుంకుడు గింజకో దారం దూరేంత దారి చేస్తే చాలు. అయినా మనుషులు ఇంత చిన్న పని మీద వేల ఏళ్ల పాటు బుర్ర పెట్టారంటే కారణం ఆ ఆకారంలోనే ఉంది. చదరపు చెక్క తన బరువుతో తాను బల్ల మీద నిలుస్తుంది. గోళం బల్లను ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి పైనుంచి నొక్కితే పక్కకు జారుతుంది, తిరిగే మొన తగిలితే దానితో పాటే తిరుగుతుంది. బెజ్జాల చరిత్రను మనం మామూలుగా మొనల చరిత్రగా చెప్పుకుంటాం: చెకుముకి రాయి, రాగి, వజ్రం, ఉక్కు. ఆ వరుస నిజమే గాని కథలో అది సగమే. వస్తువును కదలకుండా ఎలా బిగించారన్నది మిగతా సగం. ఇంట్లో చేతిపని చేసేవారికి కరెంటు డ్రిల్లు అందినప్పుడు జారిపోయింది ఈ రెండో సగమే. దాన్ని తిరిగి తెచ్చుకోకుండా, ఎంత మంచి యంత్రం కొన్నా ఈ పని క్షేమంగా సాగదు.

సింధు నాగరికత పూసలతో మొదలుపెడదాం. క్రీ.పూ. 2600-1900 మధ్య అక్కడి పనివారు కార్నీలియన్ అనే ఎర్రని గట్టి రాయితో పొడవాటి పూసలు చేశారు. 1935-36లో ఆ నాగరికతకు చెందిన చన్హుదారోలో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకేకు పూసలతో పాటు వాటిని తొలిచిన రాతి మొనలు కూడా దొరికాయి. ఆ మొనల రాయికి తర్వాత ఆయన పేరు మీదే ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. అలాంటి మొనతో గంటకు సుమారు 2.5 మిల్లీమీటర్ల లోతే దిగుతుందని పురావస్తు శాస్త్రవేత్త జోనథన్ మార్క్ కెనోయర్ ప్రయోగాలు తేల్చాయి. మరో సింధు స్థలం అల్లాదినోలో దొరికిన వడ్డాణంలో 36 పొడవాటి పూసలున్నాయి. వాటిని చేయడానికి 480 పనిదినాలకు పైగా పట్టి ఉంటుందని ఆయన లెక్కగట్టారు. ఆ పూసల్లో బెజ్జాన్ని రెండు కొసల నుంచీ తొలిచి మధ్యలో కలిపారు. రోజుల తరబడి సాగే పనిలో రెండు సన్నని దారులు రాయి నడుమ ఒకదానికొకటి ఎదురు కావాలంటే పూస వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఆనాటి కొయ్య బిగింపులు మట్టిలో కలిసిపోయినా, ఎంత గట్టిగా బిగించారో ఆ బెజ్జాలే సాక్ష్యం చెబుతున్నాయి.

ఈజిప్టులో ఇదే విషయం బొమ్మగా మిగిలింది. క్రీ.పూ. 1400 ప్రాంతపు సోబెక్‌హోతెప్ సమాధి కుడ్యచిత్రం ముక్క ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో పనివాళ్లు ఒకే విల్లుతో ఒకేసారి మూడు నాలుగు బరమాలు తిప్పుతున్నారు. ఒక చేయి విల్లు లాగాలి, రెండో చేయి బరమాలను నిలపాలి. పూసలను పట్టుకోవడానికి మూడో చేయి లేదు గనుక, ముందే వాటిని దేనిలోనో కుదురుగా నాటి ఉండాలి. సింహళంలో ముత్యాల పనివారు ఈ చిక్కును మరోలా విప్పారు. 19వ శతాబ్దం తొలినాళ్ల రచనల్లో వారి పనిముట్టు వర్ణన ఉంది: మూడు కాళ్ల మీద నిలబెట్టిన, తలకిందులైన శంకువు ఆకారపు కొయ్య దిమ్మె, దాని పైతలాన ముత్యాల సైజుకు తగిన గుంటలు. ముత్యాన్ని గుంటలో కూర్చోబెట్టి, చిన్నవైతే చెక్క సుత్తితో తట్టి బిగించేవారు. కుడిచేత్తో విల్లు ఆడిస్తూనే అదే చేతి చిటికెన వేలిని కొబ్బరి చిప్పలోని నీటిలో ముంచి ముత్యాన్ని తడిపేవారు. గుంట అంచు గోళాన్ని చుట్టూ వలయంగా తాకుతుంది. ఒక్క బిందువు మీద తూగే వస్తువు అలా వలయం మీద కుదురుకున్నాక జారడానికి దారి ఉండదు. గుండ్రని వస్తువును నిలపడానికి ఇంతకంటే సులువైన పరిష్కారం ఇప్పటికీ లేదు.

గుజరాత్‌లోని ఖంభాత్ పనివారు అకీకు రాతి పూసను కొయ్య బిగింపులో ఇరికించి, విల్లు బరమాకు వజ్రపు ముక్కలు పొదిగిన మొనతో తొలుస్తారు. తొలవడానికి ముందు పూస తల మీద చిన్న గుంట చెక్కుతారు. వంపు మీద మొన జారకుండా ఆపేది ఆ గుంటే. పూసను కొయ్య పడుతుంది, మొనను గుంట పడుతుంది. అంటే పట్టు రెండు వైపులా ఉండాలి. ఏటికొప్పాక లక్క బొమ్మల వంటి లేత్ పనిలో వరుసే తిరగబడుతుంది. అక్కడ తిరిగేది అంకుడు కర్ర, నిలకడగా ఉండేది ఉలి. లేత్ మీద పూస చేసేవాడు కర్ర ఇంకా యంత్రం పట్టులో ఉండగానే నడుమ బెజ్జం వేసి, ఆ తర్వాతే పూసను కోసి వేరు చేయగలడు. చేజారే ఆకారం పూర్తిగా ఏర్పడకముందే కష్టమైన పని ముగిసిపోతుంది.

ఆధునిక యుగంలో అడుగులన్నీ మొన పక్షానే పడ్డాయి. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ మెలి గాళ్ల ఉక్కు మొనకు పేటెంట్ పొందాడు. 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నట్, బ్రెయిన్ కరెంటు డ్రిల్లు రూపొందించారు. 1895లో జర్మనీలో ఫైన్ సంస్థ దాన్ని చేత పట్టే యంత్రంగా మార్చింది. 1902లో జేకబ్స్ చక్‌కు పేటెంట్ వచ్చింది. 1910ల్లో బ్లాక్ అండ్ డెక్కర్ తుపాకీ పిడి, మీట ఉన్న డ్రిల్లు తెచ్చింది, 1946లో ఇళ్ల కోసమే తక్కువ ధర డ్రిల్లు మార్కెట్లో పెట్టింది. చక్ మొనను మూడు దవడలతో అద్భుతంగా పడుతుంది, వస్తువును పట్టే భారం మాత్రం వాడేవాడికే మిగిలింది. కార్ఖానాలో వస్తువును దవడల మధ్య పట్టే వైస్ బల్లకు బిగించి ఉంటుంది. ఇంటికి డ్రిల్లు ఒంటరిగా వచ్చింది, వైస్ స్థానంలో ఎడమచేయి నిలిచింది. పైగా చెక్కపొడిని పైకి తోసే మెలి గాళ్లే, మొన అవతలి వైపు పొడుచుకు వచ్చే క్షణంలో వస్తువును మరలాగా తమవైపు లాగుతాయి. విల్లు బరమా ఒక్కో లాగుకు దిశ మారుతుంది గనుక చిక్కుకున్నా వెంటనే ఆగుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు దాటే యంత్రం ఆగదు, వేళ్లను వెంట తిప్పేస్తుంది.

దీనికి అభ్యంతరాలున్నాయి. పాతకాలపు బిగింపులు పని నాణ్యత కోసమే గాని క్షేమం కోసం కాదని అనవచ్చు. ఆ పనివారి మనసులో ఏది ముందుందో తేల్చనక్కరలేదు, ఎందుకంటే జారిన మొన పూసనూ పాడుచేస్తుంది, వేలినీ కోస్తుంది. కారణం ఒకటే అయినప్పుడు మందూ ఒకటే. మెత్తటి చెక్క పూసకు ఇంత ఏర్పాటెందుకని మరో ప్రశ్న. మెత్తని చెక్కలో మొన త్వరగా దిగుతుంది, లాగుడు క్షణమూ అంతే త్వరగా వస్తుంది. జాగ్రత్తపడే వ్యవధి తగ్గుతుందే గాని పెరగదు. వైస్ దవడలు నున్నని వస్తువు మీద మచ్చలు పెడతాయి, గాజును పగలగొడతాయి అన్న మూడో అభ్యంతరంలో మాత్రం బలముంది. కానీ అది ఉక్కు దవడల మీద ఫిర్యాదు, బిగింపు మీద కాదు. ముత్యం వంటి సున్నితమైన వస్తువుకు కొయ్య గుంట వాడినవారు దీనికి ఎప్పుడో జవాబిచ్చారు.

కాబట్టి ఇంట్లో చేతిపని చేసేవారు ఈ చరిత్ర నుంచి నేరుగా పాఠం తీసుకోవచ్చు. పూస వ్యాసం కంటే కొంచెం చిన్న బెజ్జాలను రెండు చెక్కలకు వేసి, పూసను వాటి మధ్య పెట్టి క్లాంపుతో బిగిస్తే సింహళపు దిమ్మె మన బల్ల మీదికి వచ్చినట్టే. కడ్డీకో గొట్టానికో వి ఆకారపు గాడి చాలు, అది వస్తువును రెండు గీతల వెంట పడుతుంది; పైనుంచి క్లాంపు వేస్తే పొర్లదు. మొదట సూదిమొనతో గుంట చేయడం, సన్నని మొనతో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లడం, అవతలికి చేరేముందు ఒత్తిడి తగ్గించడం ఖంభాత్ క్రమానికి కొనసాగింపే. తిరిగే మొన దగ్గర చేతికి తొడుగులు, వదులు పైట, విరబోసిన జుట్టు ఉండకూడదు; కళ్లకు అద్దాలు ఉండాలి. రాయి, గవ్వ తొలిచేటప్పుడు తడి తప్పనిసరి. ఖంభాత్‌లో అకీకు పొడి పీల్చిన పనివారికి సిలికోసిస్ సోకిన చరిత్ర ఉంది. అయితే తీగ ఉన్న కరెంటు డ్రిల్లును నీటి దగ్గరికి తేకూడదు, ఆ పనికి చేతి బరమాయే మేలు. డ్రిల్లు కొనేటప్పుడే దానితో పాటు బల్లకు బిగించే చిన్న వైస్‌నూ రెండు క్లాంపులనూ కొనడం అదనపు ఖర్చు కాదు. 1946లో ఇంటికి సగమే చేరిన పనిముట్టును అది పూర్తి చేస్తుంది.