సర్వాయి పాపడు: కొండకోట నుంచి దర్బారు దాకా

మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో పాపడు దారిదోపిడీగాడు. తరతరాలుగా జనం పాడుకున్న కథలో అతడు వీరుడు. ఇవాళ ఆగస్టు 18న జయంతి జరిపే మనం రెండో మాటే పట్టుకున్నాం. కానీ ఈ రెండు మాటల్లో ఏదీ అతడెందుకు కూలాడో చెప్పదు. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం.

నాది నార్కట్‌పల్లి. మాకు ఉత్తరాన భువనగిరి, దాన్ని దాటితే కొలనుపాక, ఖిలాషాపురం, తాటికొండ. పాపడి చరిత్ర జరిగిన నేల ఇది. 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కింది. పాత ఏర్పాట్లు చెదిరాయి, కొత్తవి కుదురుకోలేదు. ఆ సందులో కల్లుగీత కులస్థుడొకడు తాటికొండ మీద కోట కట్టి, వరంగల్-హైదరాబాదు వర్తకుల బాటను అడ్డగించాడు. కథాగాయకులు చెప్పే అతని అనుచరుల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల వాళ్ళున్నారు. హిందువులూ ముస్లిములూ కలిసిన ఆ దండును మతకలహానికి సాక్ష్యంగా చూపేవాళ్ళు ఈ పేర్లు చదవాలి.

1707లో ఔరంగజేబు చనిపోయాడు, వారసులు సింహాసనానికి కొట్టుకున్నారు. పాపడు అదను కనిపెట్టాడు. 1708 ఏప్రిల్‌లో, మొహర్రం వేళ, వరంగల్‌ను కొల్లగొట్టాడు. జూన్‌లో భువనగిరి మీద పడ్డాడు. వేలమందిని చెరపట్టాడు. చెరలో మగ్గిన ఆడవాళ్ళనూ పిల్లలనూ మరచి పాపణ్ణి పొగడడం అభ్యుదయం కాదు.

1709 జనవరిలో చక్రవర్తి బహదూర్‌షా హైదరాబాదు వచ్చాడు. పాపడు 14 లక్షల రూపాయలు సమర్పించి దర్శనమూ, గౌరవ దుస్తులూ పొందాడు. గీతగాడు రాజయ్యాడు! సంపన్నులు సహించలేదు. వాళ్ళ ఫిర్యాదులతో ఆ మన్నన ఎగిరిపోయింది, కొత్త సుబేదారు యూసుఫ్‌ఖాన్ సేనలు కదిలాయి.

దోపిడీ దండు నాయకుడు రాజు కావడం లోకంలో కొత్త కాదు. 878లో వైకింగు నాయకుడు గుత్రుమ్ ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ చేతిలో ఓడి, బాప్తిస్మం పొంది, చనిపోయేదాకా తూర్పు ఆంగ్లియాను ఏలాడు. అతని సైనికులు అక్కడి భూమి పంచుకుని స్థిరపడ్డారు. తేడా అక్కడుంది. పాపడికి కోట ఉంది, ఫిరంగులున్నాయి, సొమ్ముంది. భూమి మాత్రం జమీందార్ల చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళలో అతని మతంవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు కొలువిచ్చి చెరలో వేసిన కౌలాసు వెంకటరావు అలాంటివాడే. చివరి యుద్ధంలో జమీందార్లు మొగలు సేనకే తోడయ్యారు.

లోపలి దెబ్బ ఇంకా పెద్దది. పాపడు మరో కోట ముట్టడిలో ఉండగా ఖిలాషాపురంలో ఖైదీలు తిరగబడ్డారు. చెరలో ఉన్న తన సోదరుడికి ఆకురాళ్ళు రహస్యంగా అందించింది పాపడి భార్యే. అతని ఫిరంగులే అతని మీద పేలాయి. తాటికొండకు తప్పుకుని నెలల తరబడి నిలబడ్డాడు. 1710లో మందుగుండు అయిపోయాక, గాయంతో, మారువేషంలో పారిపోతూ కల్లు దుకాణం దగ్గర పట్టుబడ్డాడు. చంపి, తల చక్రవర్తికి పంపారు, మొండెం హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు.

జనం కథలో అతడు శత్రువు చేతికి చిక్కడు, తానే ప్రాణం తీసుకుంటాడు. ఆ ముగింపులో ఉన్నది అణగారినవాళ్ళ ఆత్మాభిమానం, దాన్ని గౌరవించాలి. అయితే పాపడు రాజుల వరసలో కూర్చోవాలనుకున్నాడు, ఆ వరసనే పడగొట్టాలనుకోలేదు. గడీ మారకుండా దొర మారితే దున్నేవాడికి ఒరిగేదేమిటి? రెండు శతాబ్దాల తర్వాత ఇదే నల్లగొండ రైతాంగం ఆ ప్రశ్న వేసింది, భూమి అడిగింది.