కానుగ నూనె – ఇంధన సంకలితాలు: ఏజెన్సీ ప్రాంతాలకు ప్రయోజనం, పరిమితులు

రంపచోడవరం: తూర్పు కనుమల ఏజెన్సీలో వాగుల ఒడ్డున, రహదారుల వెంట పెరిగే కానుగ చెట్టు గింజల నుండి తీసిన నూనెను తగిన విధంగా శుద్ధి చేసినట్లయితే, డీజిల్‌లో స్వల్ప పరిమాణంలో కలిపే సంకలితంగా అది ఉపయోగపడుతుంది. ఇంజను భాగాల అరుగుదలను, పొగను తగ్గించడంలో దీని ప్రయోజనం పరీక్షలలో నిర్ధారణ అయినది. అయితే గింజ ఏరే గిరిజన కుటుంబానికి దక్కే ధర, నూనె నాణ్యత, సరఫరా పరిమాణం అనే మూడు అంశాలపైనే ఈ ప్రయోజనం ఆధారపడి ఉన్నది.

రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం, అడ్డతీగల, గంగవరం, వై.రామవరం, రాజవొమ్మంగి మండలాలతో కూడిన ఈ ఏజెన్సీ పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కొండరెడ్లు, కోయదొరలు తదితర గిరిజనులు పోడు వ్యవసాయంతో పాటు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, ఇప్ప, కానుగ గింజల వంటి అటవీ ఫలసాయంపై ఆధారపడి జీవిస్తున్నారు. 1956లో విశాఖపట్నం ప్రధాన కేంద్రంగా ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ ఈ ఉత్పత్తులను సంతలలోను, తన డిపోలలోను కొనుగోలు చేస్తూ వచ్చినది. షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేయడానికి 1979లో ప్రత్యేక నిబంధనలు జారీ అయినవి.

సంకలితం అనగానేమి?

ఇంధనం పనితీరును మెరుగుపరచడానికి తక్కువ మోతాదులో కలిపే పదార్థాన్ని సంకలితం అంటారు. సంకలితాలు వేరువేరు పనులను నిర్వహిస్తాయి. పెట్రోలులో ఆక్టేన్ విలువను పెంచేవి కొన్ని కాగా, డీజిల్ త్వరగా అంటుకొనేందుకు తోడ్పడే సీటేన్ వర్ధకాలు మరికొన్ని. ఇంజెక్టర్లపై మసి పేరుకోకుండా శుభ్రపరచేవి, పంపు అరుగుదలను నివారించేవి, ఆక్సిజన్‌ను అందించి దహనాన్ని మెరుగుపరచేవి వేరువేరు తరగతులకు చెందుతాయి.

సంకలితం మేలు చేస్తున్నట్లు కనిపించినా ప్రజారోగ్యానికి హాని కలిగించవచ్చునని సీసం ఉదంతం నిరూపించినది. ఇంజనులో కొట్టుడు శబ్దాన్ని అరికట్టే గుణం టెట్రాఇథైల్ లెడ్‌కు ఉన్నదని 1921లో అమెరికాలో కనుగొన్నారు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హానికరమని తేలిన పిమ్మట దేశాలు ఒక్కొక్కటిగా దానిని విడిచిపెట్టినవి. భారతదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసరహిత పెట్రోలు మాత్రమే విక్రయిస్తున్నారు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు వాడకం ప్రపంచంలో ఆఖరుగా అల్జీరియాలో 2021లో ముగిసినది.

సీసం స్థానంలో ఆక్టేన్ విలువను పెంచే పదార్థాలలో ఇథనాల్ ముఖ్యమైనది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం ఆరంభమైనది. దేశవ్యాప్తంగా 10 శాతం లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరగా, 20 శాతం మిశ్రమం 2025లో సాధ్యమైనది. ఒక లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడోవంతు తక్కువ. తత్ఫలితంగా, పాత ప్రమాణాలకు రూపొందించిన నాలుగు చక్రాల వాహనాలలో 20 శాతం మిశ్రమం వల్ల 6 నుండి 7 శాతం వరకు, ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 శాతం వరకు మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికలో అంచనా వేసినది. ఉద్గారాల తగ్గుదల, మైలేజీ పెరుగుదల ఎల్లప్పుడు ఒకేసారి లభించవని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

డీజిల్‌లో గంధకం తగ్గినందున ఏర్పడిన అవసరం

భారత్ స్టేజ్-3 ప్రమాణాల ప్రకారం కిలో డీజిల్‌లో 350 మిల్లీగ్రాముల వరకు గంధకం ఉండవచ్చును. భారత్ స్టేజ్-4లో ఆ పరిమితి 50 మిల్లీగ్రాములకు, 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6లో 10 మిల్లీగ్రాములకు తగ్గినది. గాలి కాలుష్యాన్ని అరికట్టడంలో ఇది కీలకమైన చర్య.

అయితే గంధకాన్ని తొలగించే శుద్ధి ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం కూడా తగ్గిపోతుంది. డీజిల్ ఇంజనులలో ఇంధన పంపు, ఇంజెక్టర్ల లోపలి భాగాలకు ఇంధనమే కందెనగా పనిచేస్తుంది. కావున చమురు శుద్ధి కర్మాగారాలు డీజిల్‌లో కందెన సంకలితాన్ని కలపవలసి వచ్చినది. ప్రామాణిక పరీక్షలో లోహంపై ఏర్పడే అరుగుదల గుర్తు 460 మైక్రాన్లకు మించరాదన్నది నిబంధన. డీజిల్‌లో 1 నుండి 2 శాతం బయోడీజిల్ కలిపినచో ఈ గుణం తిరిగి లభిస్తుందని పరీక్షలలో వెల్లడైనది. కానుగ నూనెకు సంకలితంగా గల ప్రాధాన్యం ఇందులోనే ఉన్నది.

గింజ నుండి బయోడీజిల్ వరకు

కానుగ గింజలలో సుమారు 30 శాతం నూనె ఉంటుంది. గ్రామస్థాయి ఎక్స్‌పెల్లర్ యంత్రాలతో ఆడించినపుడు నాలుగు కిలోల గింజలకు సుమారు ఒక కిలో నూనె లభిస్తుంది. ఈ నూనె చేదుగా ఉండి వంటకు పనికిరాదు. దీపాలకు, చర్మవ్యాధుల నివారణకు వాడుక కలదు. ఇప్ప గింజల నూనె గిరిజనుల వంటకు ఉపయోగపడేది కావున దానిని ఇంధనానికి మళ్లించడం ఆహార భద్రతకు భంగకరం. కానుగ విషయంలో అటువంటి పోటీ లేదు. పైగా కానుగ నేలలో నత్రజనిని స్థిరీకరించే చెట్టు. దాని ఆకు పచ్చిరొట్ట ఎరువుగా, నూనె తీసిన పిండి సేంద్రియ ఎరువుగా పనికివస్తాయి.

కానుగ నూనెను నేరుగా వాహనాలలో పోయరాదు. దాని చిక్కదనం డీజిల్ కంటే దాదాపు పదిరెట్లు ఎక్కువ. ఇంజెక్టరు నుండి సన్నని తుంపరగా వెలువడక, పూర్తిగా మండక, పిస్టన్ రింగుల వద్ద జిగురు పేరుకొంటుంది. ఈ కారణంగా నూనెను మిథనాల్‌తో కలిపి, సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ ఉత్ప్రేరకంగా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్యకు గురిచేస్తారు. గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన పలుచని మిథైల్ ఎస్టర్ మిగులుతుంది. దీనినే బయోడీజిల్ అంటారు. తడి తగిలి నిల్వ ఉన్న గింజల నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగి, చర్య మధ్యలో సబ్బు ఏర్పడుతుంది. అట్టి నూనెకు ముందుగా ఆమ్లంతో మరొక దశ శుద్ధి అవసరమై ఖర్చు పెరుగుతుంది. గింజలను బాగుగా ఎండబెట్టి పొడిగా నిల్వచేయడం వల్ల ఈ ఖర్చును చాలావరకు నివారించవచ్చును.

ఉద్గారాలపై ప్రభావం

బయోడీజిల్ బరువులో సుమారు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది. తత్ఫలితంగా దహనం మెరుగై మసి తగ్గుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం సోయా బయోడీజిల్‌ను 20 శాతం కలిపినపుడు భారీ వాహనాలలో మసి రేణువులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, మండని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గినవి. నత్రజని ఆక్సైడ్లు మాత్రం సుమారు 2 శాతం పెరిగినవి. నూనె రకాన్ని, ఇంజనును బట్టి ఈ అంకెలు మారుతాయి. 2 నుండి 5 శాతం మిశ్రమంలో ఉద్గారాల తగ్గుదల ఇంతకంటె స్వల్పంగానే ఉంటుంది. ఆ మోతాదులో ముఖ్య ప్రయోజనం కందెన గుణమే.

పవర్‌గూడ అనుభవం

గిరిజన ప్రాంతంలో కానుగ నూనెకు అంతర్జాతీయ గుర్తింపు లభించిన సందర్భం నాటి ఆదిలాబాద్ జిల్లాలోని, నేడు తెలంగాణలో ఉన్న పవర్‌గూడ గ్రామానిది. అక్కడి మహిళా స్వయం సహాయక సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుండి నూనె తీసే యంత్రాన్ని నిర్వహించినవి. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్‌కు ప్రత్యామ్నాయం కాగలదన్న లెక్కన 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు కొనుగోలు చేసి, మహిళా సంఘాలకు 645 డాలర్లు చెల్లించినది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు ప్రయాణాల వల్ల కలిగిన కాలుష్యానికి పరిహారంగా ఈ కొనుగోలు జరిగినది. టన్నుకు లభించినది నాలుగున్నర డాలర్ల లోపే అయినప్పటికీ, ఏజెన్సీ గ్రామంలోనే నూనె తీయగలమని, దానికి లెక్క చూపగలమని ఈ అనుభవం చాటినది.

ధర లెక్క

కేంద్ర ప్రభుత్వం 2005 అక్టోబరులో ప్రకటించిన బయోడీజిల్ కొనుగోలు విధానం 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. చమురు సంస్థలు చెల్లించవలసిన ధరను మొదట లీటరుకు 25 రూపాయలుగా, తదుపరి 26 రూపాయల 50 పైసలుగా నిర్ణయించారు. లీటరు నూనెకు సుమారు 3.7 కిలోల గింజలు కావలెను. మిథనాల్, విద్యుత్తు, రవాణా, కూలి ఖర్చులను పూర్తిగా విస్మరించినా, ఆ ధరలో కిలో గింజకు గరిష్ఠంగా దక్కగలిగినది 7 రూపాయల చిల్లర మాత్రమే. పిండి, గ్లిజరిన్ అమ్మకం కొంత ఊరట కలిగించినా లోటు తీరలేదు. అందువల్ల కొనుగోలు కేంద్రాలకు చెప్పుకోదగిన సరఫరా జరగలేదు. ఏజెన్సీ కొండలకు దిగువన కాకినాడ తీరంలో వెలసిన బయోడీజిల్ కర్మాగారాలు సైతం ప్రధానంగా పామ్ నూనె ఉప ఉత్పత్తులపైనే ఆధారపడినవి.

కేంద్రం 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని ప్రవేశపెట్టి కానుగ గింజను అందులో చేర్చినది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ లక్ష్యాన్ని నిర్దేశించినది.

పాటించవలసిన జాగ్రత్తలు

మిశ్రమానికి వాడే బయోడీజిల్ భారతీయ ప్రమాణం 15607కు లోబడి ఉండవలెను. 2019 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు దీని విక్రయానికి వర్తిస్తాయి. బయోడీజిల్ తేమను పీల్చుకొంటుంది. దీర్ఘకాలం నిల్వ ఉంచినచో చెడిపోతుంది. చలికి డీజిల్ కంటే ముందుగా చిక్కబడుతుంది. శీతాకాలంలో లంబసింగి, అరకు ఘాట్ రోడ్లలో తిరిగే వాహనాలకు ఈ అంశం ముఖ్యమైనది. పాత ట్యాంకులలో పేరుకొన్న మడ్డిని కరిగిస్తుంది కనుక వాడకం ఆరంభించిన తొలి వారాలలో ఇంధన ఫిల్టరును తరచుగా పరిశీలించవలెను.

సంకలితానికి, కల్తీకి గల భేదాన్ని గుర్తించడం అవసరం. డీజిల్‌లో కిరోసిన్ కలపడం వల్ల కందెన గుణం మరింత క్షీణిస్తుంది. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో జారీ అయిన పెట్రోలు, డీజిల్ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కల్తీ శిక్షార్హం. భారత్ స్టేజ్-6 లారీలు, బస్సులలో వాడే యూరియా ద్రావణం ఇంధన సంకలితం కాదు. 32.5 శాతం యూరియా గల ఈ ద్రావణాన్ని ప్రత్యేక ట్యాంకులో మాత్రమే పోయవలెను. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోసినచో ఇంధన వ్యవస్థ దెబ్బతింటుంది.

మైలేజీని అమాంతం పెంచుతామంటూ సీసాలలో విక్రయించే ద్రావకాల విషయంలోను అప్రమత్తత అవసరం. అమెరికా పర్యావరణ సంస్థ నూరుకు పైగా ఇట్టి పరికరాలను, ద్రావకాలను పరీక్షించగా మైలేజీని గణనీయంగా పెంచినది ఒక్కటీ లేదు. 1996లో తమిళనాడులో సంచలనం సృష్టించిన మూలికా పెట్రోలు కేసులో 2016లో చెన్నై న్యాయస్థానం శిక్ష విధించినది. కొండ ఎక్కే జీపుకు, లారీకి సకాలంలో ఫిల్టర్ల మార్పిడి, టైర్లలో తగిన గాలి, పరిమిత బరువు సమకూర్చే ఆదా ఏ సీసాలోను లభించదు.

ఏజెన్సీకి అనువైన మార్గం

డీజిల్‌కు పూర్తి ప్రత్యామ్నాయంగా కానుగ నూనెను భావించినపుడు గింజల కొరత, ధర రెండూ అడ్డువచ్చినవి. సంకలితంగా పరిగణించినపుడు లెక్క మారుతుంది. వేయి లీటర్ల డీజిల్‌లో 2 శాతం కలపడానికి 20 లీటర్ల బయోడీజిల్, అందుకు సుమారు 75 కిలోల గింజలు సరిపోతాయి. ఇది ఒక సంతలో సేకరించగల పరిమాణం. గింజలను గ్రామంలోనే ఆడించినచో పిండి పొలాలకు చేరుతుంది. నూనె మాత్రమే కొండ దిగుతుంది కావున రవాణా ఖర్చు నాలుగో వంతుకు తగ్గుతుంది. నాణ్యత పరీక్ష, గింజకు గిట్టుబాటు ధర, సకాలంలో చెల్లింపు ఉన్నచోటనే ఈ విలువ గిరిజన కుటుంబానికి చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా గింజ చెట్టు కిందనే మిగిలిపోతుందన్నది రెండు దశాబ్దాల అనుభవం తెలుపుతున్న సత్యం.