నడిచిన దారి, వండిన ఇల్లు

పాత దారుల వెంట కాలినడకన పోయి చూడాలన్న కోరిక మా దంపతులిద్దరికీ చాలా కాలంగా ఉంది. నాకు ఆ కోరిక పుట్టింది జపాను దేశపు పాత రహదారుల చరిత్ర చదివినప్పుడు. మా శ్రీమతికి పుట్టింది చిన్ననాడు వాళ్ల అమ్మమ్మ పక్కన పడుకొని కాశీమజిలీ కథలు విన్నప్పుడు. జపానులో ఈనాటికీ భార్యాభర్తలిద్దరూ చెరొక మూట వీపున కట్టుకొని, చిన్న గుడారం ఒకటి మోసుకొని, నాలుగు వందల ఏళ్ల నాటి బాటల మీద వారాల తరబడి నడిచిపోవడం కద్దు. అటువంటి నడక మన గోదావరి సీమలో సాధ్యమేనా అని ఒకనాడు మా ఇంట్లో మాట వచ్చింది. "మాటలెందుకు, నడిచే చూద్దాం పదండి" అన్నది ఆవిడ. ఒక మార్గశిర మాసంలో రామచంద్రపురంలో బయలుదేరి, ద్రాక్షారామం, కోటిపల్లి మీదుగా గౌతమి దాటి, లంకల గన్నవరం దాకా మూడు రోజులు నడిచాము. గన్నవరమే ఎందుకో తరువాత చెబుతాను.

ముందు జపాను సంగతి. 1601లో తొకుగావా ఇయెయాసు తన రాజధాని ఎదో (నేటి తోక్యో) నుండి చక్రవర్తి ఉండే క్యోతోకు పోయే దారి మీద మజిలీలు ఏర్పాటు చేయించాడు. సముద్రతీరం వెంట పోయేది తొకైదో. దాని నిడివి సుమారు 490 కిలోమీటర్లు, మజిలీలు 53. కొండల నడుమగా పోయేది నకసెందో. దాని నిడివి సుమారు 530 కిలోమీటర్లు, మజిలీలు 69. దారి పొడుగునా ఒక్కొక్క "రి" దూరానికి, అంటే మన లెక్కలో నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువగా, మట్టిదిబ్బ పోసి దాని మీద చెట్టు నాటారు. బాటసారికి కొలతకు కొలత, నీడకు నీడ. మజిలీ ఊళ్లలో ప్రభువులకు వేరే విడిది, సామాన్యులకు పూటకూళ్ల ఇళ్లు ఉండేవి. చేతిలో అంతగా డబ్బు లేనివారికి "కిచిన్‌యాదో" అనే బస ఉండేది. అక్కడ కట్టెల ఖరీదు మాత్రం ఇచ్చి, మూటలోని బియ్యం తానే వండుకోవచ్చును. మన సత్రం అరుగు పక్కన మూడు రాళ్ల పొయ్యి ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ దారి మీద దంపతులు కలిసి నడవడం మాత్రం ఆనాడు అంత సులభం కాదు. 1635 తరువాత సామంతులందరూ ఏడాది విడిచి ఏడాది ఎదోలో కాపురముండాలి. వారి భార్యాబిడ్డలు ఎప్పుడూ అక్కడే ఉండాలి. వారు తప్పించుకుపోకుండా దారిలో తనిఖీ ద్వారాలు పెట్టారు. ఎదోలోకి వచ్చే తుపాకులనూ, ఎదో నుండి బయటికి పోయే ఆడవారినీ ముఖ్యంగా సోదా చేసేవారు. స్త్రీకి ప్రత్యేకమైన అనుమతి పత్రం కావాలి. హకోనె ద్వారం దగ్గర ఆడవారి జుట్టు విప్పి చూడడానికి ఆడ తనిఖీదారులు కూడా ఉండేవారు.

నదుల సంగతి మరొకటి. తొకైదో మీద ఓయి అనే నదికి ప్రభుత్వం వంతెన కట్టనివ్వలేదు. కూలీల భుజాలకెక్కి దాటవలసిందే. వరద వస్తే ఒడ్డున పడిగాపులు కాయవలసిందే. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవారికి ఈ కష్టం చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక్కడ 1830వ సంవత్సరాన్ని తలచుకోవాలి. ఆ ఏడు జపానులో ఇసె దేవాలయానికి జనం వరదలాగా కదిలారు. కొద్ది నెలల్లో నలభై లక్షలకు పైగా యాత్రికులు వెళ్లారంటారు. యజమానికి చెప్పకుండా పనివాళ్లు, చేతిలో కాసు లేకుండా పిల్లలు, దారినపడి పోయారు. దారి పక్క ఊళ్లవారు వారికి అన్నం, చెప్పులు ఊరకనే ఇచ్చారు. సరిగ్గా ఆ ఏడే, మే 18వ తేదీన, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసే ఏనుగుల వీరాస్వామయ్య, దాదాపు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన ఉత్తరాలే 1838లో అచ్చయిన "కాశీయాత్ర చరిత్ర". 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని చక్కగా పరిష్కరించి తిరిగి వెలువరించారు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ సత్రం ఉంది, ఏ అంగడిలో ఏం దొరుకుతుంది, ఏ వాగు ఎలా దాటాలి అన్నవన్నీ ఆయన ఓపికగా నమోదు చేశాడు. ఆయన తిరిగి వచ్చిన రెండేళ్లకు జపానులో హిరోషిగె అనే చిత్రకారుడు తొకైదో మజిలీలను వరుసగా బొమ్మలు గీసి అచ్చు వేయించాడు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు మనుషులు, రెండు దేశాలలో, ఒకే కాలంలో మజిలీ మజిలీకీ ఆగి లోకానికి దారి చూపించారు.

అయితే ఒక భేదం ఉంది. వీరాస్వామయ్య పోయింది పల్లకిలో. నడిచినది బోయీలు. ఆ పదిహేను నెలల దారిని అరికాళ్లతో కొలిచినవారు రాసిన పుస్తకం మనకు లేదు. జపానులో మాత్రం 1802 నుండి జిప్పెన్‌షా ఇక్కు అనే రచయిత, ఇద్దరు అల్లరి బాటసారుల నడకను హాస్యంగా భాగాలు భాగాలుగా రాసి అమ్ముకున్నాడు. ఆ పుస్తకం పేరులో "మోకాళ్ల గుర్రం" అన్న మాట ఉంది. మోకాళ్లే గుర్రంగా చేసిన ప్రయాణమని అర్థం. మనకు నడకకు దగ్గరగా వచ్చిన గ్రంథం మధిర సుబ్బన్న దీక్షితకవి పన్నెండు భాగాల "కాశీమజిలీ కథలు". మజిలీకొక కథ చెబితేనే వెంట వస్తానన్న పశువుల కాపరి కుర్రవాడికి, మణిసిద్ధుడు కథలు చెబుతూ కాశీకి నడుస్తాడు. పగలు నడక, సాయంత్రం వంట, భోజనమయ్యాక కథ. మజిలీ అన్న మాటకు ఇంతకంటె మంచి నిర్వచనం నాకు తెలియదు.

ఇక మా దారి. రామచంద్రపురం నుండి దక్షిణంగా పోతే అంతా నీటి దేశం. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, ఈ సీమకు కాలువలే రహదారులైనాయి. ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు, కోర్టు వ్యవహారాలకు పోయేవారు అందరూ పడవల మీదనే. నడిచేవారికి కాలువగట్టు మిగిలింది. 1928లో కాకినాడ నుండి రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి రైలు వచ్చింది. 1940లో యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ 2004లో గాని రైలు కూత వినబడలేదు. రైలు కంటె ముందున్న గట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఉదయం మంచు విడవకముందే బయలుదేరాము. చేలల్లో కోతలై, కుప్పలు వేస్తున్నారు. రెండు మైళ్లు పోకముందే ఒక పెద్దాయన సైకిలు ఆపి, "బస్సు రాలేదాండీ?" అని అడిగాడు. కావాలనే నడుస్తున్నామంటే, "మొక్కాండీ?" అన్నాడు. మొక్కు కూడా కాదంటే కాసేపు మా మొహాలు చూసి, "మరయితే ఎందుకండీ?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. తరువాత ఎవరడిగినా మొక్కేనని చెప్పాము. అందరూ సంతోషించారు.

ఆ రాత్రి ద్రాక్షారామంలో సత్రం గదిలో పడుకున్నాము. భీమేశ్వరాలయం గోడల మీది శాసనాలలో అఖండదీపాలకని ఆవులను, గొఱ్ఱెలను ఇచ్చినవారి పేర్లు చెక్కి ఉన్నాయి. దీపం వెలిగించే నేతికి కూడా లెక్క ఉంది. శ్రీనాథుడు "భీమేశ్వర పురాణము"లో చెప్పిన కథ అక్కడే గుర్తుకు వచ్చింది. కాశీలో భిక్ష దొరకక ఆకలితో వ్యాసుడు ఆ నగరాన్నే శపించబోయాడు. విశాలాక్షి వచ్చి శిష్యులతో సహా ఆయనకు అన్నం పెట్టింది. శివుడు కాశీ విడిచి పొమ్మంటే, ఆయన చివరకు చేరిన చోటు ఈ దక్షవాటికే. మహర్షి అయినా దారిలో పడినవాడికి మొదటి ప్రశ్న ఈ పూట అన్నం ఎక్కడ అన్నదే.

మర్నాడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం దిగాము. సాయంత్రానికి గుడారం వేసుకుందామని చోటు వెదికాము. కోనసీమలో ఖాళీ నేల ఎక్కడిది? ఉంటే చేను, లేకపోతే కొబ్బరి తోట, కాకపోతే చెరువు. ఒక తోట యజమానిని అడిగితే ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇల్లుండగా డేరా ఏంటండీ, బాగోదండి" అని లోపలికి తీసుకుపోయాడు. అప్పటికే ఆ ఇంట్లో భోజనాలయిపోయాయి. ఆ ఇల్లాలు మాట్లాడకుండా మళ్లీ పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, వంకాయ కూర వండింది. మేము మోసుకొచ్చిన గుడారం మూట విప్పనే లేదు. పడుకోబోయే ముందు మా శ్రీమతి నాతో అన్నది: "మీరు నడక గురించి రాస్తారు, నాకు తెలుసు. ఆవిడ రెండోసారి పొయ్యి వెలిగించింది. అది కూడా రాయండి."

ఆ మాటతోనే మూడోనాడు లంకల గన్నవరం చేరాము. మా రామచంద్రపురానికి పొరుగునున్న మండపేటలో 1841లో పుట్టిన సీతమ్మ, డొక్కా జోగన్నగారి భార్యగా కాపురానికి వచ్చిన ఊరు అది. ఆమె తండ్రి భవానీశంకరంగారు వచ్చినవారికల్లా అన్నం పెట్టి "బువ్వన్న" అనిపించుకున్నవాడు. వైనతేయ దాటి రాజోలు వైపు, అంతర్వేది వైపు పోయేవారికి గన్నవరం రేవు. పడవ తప్పినవారు, వరదకు చిక్కినవారు, అర్ధరాత్రి వచ్చినవారు ఆ ఇంటి తలుపు తట్టేవారు. ఆనాటి అనేక సత్రాలలో వండిన అన్నం బ్రాహ్మణులకే. తక్కినవారికి అరుగు, బావినీరు. సీతమ్మగారింట కులమేదని అడగలేదని అందరూ చెబుతారు. 1909లో కన్నుమూసేవరకూ ఆమె చేసిన పని ఇదే. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకపు వేడుకకు ఆమె ఛాయాచిత్రాన్ని తెప్పించుకున్నారన్న కథ మనలో చాలామందికి తెలుసు.

నాకు మాత్రం మరొక కథ ముఖ్యం. ఒకసారి సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామిని చూడాలని పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆకలితో ఉన్న పెళ్లివారు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుందిలే అని పిల్లలను ఊరడించుకోవడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకి వెనక్కు తిప్పించి, వారికంటె ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. కోనసీమలోనే ఉన్న అంతర్వేదికి ఆ యాత్ర అంతటితో ఆగిపోయింది. నలుగురి ప్రయాణం సాగడానికి ఒకరి ప్రయాణం ఆగింది.

జపాను చరిత్రలో కూడా ఈ రెండో పక్క ఉంది. మజిలీలకు కూలీలను, గుర్రాలను చుట్టుపక్కల పల్లెలు ఇచ్చుకోవాలి. నాట్ల వేళ అయినా సరే తప్పదు. ఆ భారం ఓర్వలేక 1764లో నకసెందో వెంట రైతులు వేలాదిగా తిరగబడ్డారు. హిరోషిగె బొమ్మలలో మంచు, వాన, కొండలు ఎంత అందంగా ఉంటాయో! ఆ మూటలు మోసే మనుషులను మళ్లీ ఒకసారి చూడాలనిపిస్తుంది. బలవంతం లేని పెట్టుబడి కూడా ఉంది. షికోకు ద్వీపంలో 88 దేవాలయాలు చుట్టివచ్చే 1200 కిలోమీటర్ల నడకదారిలో, ఇప్పటికీ ఊరివారు యాత్రికులను ఆపి పండో, టీయో, బసో ఇస్తారు. దానిని "సెత్తై" అంటారు. పెట్టినవారికి కూడా యాత్రలో భాగం దక్కుతుందని వారి నమ్మకం. ఆ లెక్కన సీతమ్మగారు అంతర్వేదికి ఎన్ని వేలసార్లు వెళ్లివచ్చారో!

గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కాటన్ కాలంలో 49 కమానులతో కట్టారు. దాని పక్కన 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఆ సాయంత్రం మేమిద్దరం అక్కడ నిలబడి, కింద ఏరూ, పైన కాలువా చూస్తూ చాలాసేపు ఉన్నాము. ముక్తేశ్వరం దాటాక మాకు వండిపెట్టిన ఇల్లాలి పేరు అడగడం మరచిపోయామని అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆయన పేరు అడిగాము, తోట ఎన్ని ఎకరాలో అడిగాము. ఆవిడ పేరు అడగలేదు.

తిరుగు ప్రయాణం బస్సులోనే. మీ ఊరి పక్క కూడా ఏదో ఒక పాతదారి ఉండే ఉంటుంది. దాని మీద ఎవరు నడిచారో పుస్తకాల్లో దొరకవచ్చు. ఆ దారి పక్కన ఎవరు వండారో మీ ఇంటి పెద్దవాళ్లను అడిగి, పేర్లతో సహా రాసి పెట్టండి.