విజ్ఞానాన్ని అమర్చే విధానం

ఒక జాతి తాను ఎరిగినదంతా ఒకచోట చేర్చదలచినప్పుడు, దానిని ఏ వరుసలో ఉంచాలన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. తెలుగువారు దీనికి మూడు సమాధానాలు చెప్పారు.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో ఆరంభించారు. మూడు సంపుటాలు వెలువడినా, పని ‘అ’ అక్షరంలో ఉండగానే 1923లో ఆయన కన్నుమూశారు. అక్షరక్రమంలో వెదకడం సులభం. కాని పని నడుమ ఆగితే ‘వ’తో మొదలయ్యే వ్యవసాయానికి, వలసకు చోటు దొరకదు.

1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయక్రమాన్ని ఎంచుకొన్నది. ఇందులో ఏ సంపుటానికి ఆ సంపుటమే సంపూర్ణం. అయితే రెండు శాస్త్రాలకు చెందిన అంశాన్ని ఎక్కడ ఉంచాలన్నది చిక్కు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా వ్రాయవచ్చు, దిద్దవచ్చు. అక్కడ ఒకే వ్యాసం అనేక వర్గాలలో ఉండగలదు.

ఇది మనకు ఎంతో ముఖ్యం. 1860 నవంబరు 16న ట్రూరో నౌక మద్రాసు నుండి కూలి ఒప్పందంపై వచ్చినవారిని డర్బనుకు చేర్చింది. అలా మొదలైన మన పెద్దల కథ ఆంధ్ర చరిత్రకు, దక్షిణాఫ్రికా చరిత్రకు, చెరకు సాగు చరిత్రకు కూడా చెందుతుంది. ఒక్క అరలోనే ఉంచితే తక్కిన చోట్ల వెదికేవారికి అది కనబడదు.

కనుక మన పిల్లలు అవ్వతాతల మాటలను వ్రాసుకొనేటప్పుడు ఊరు, పని, వంట, పండుగ అని వర్గాలు కూడా గుర్తించడం నేర్పుదాం. దాచినది దొరికినప్పుడే అది మన సొత్తు.