వలల నడుమ వంతెనలు

వంతెనలను గూర్చి ప్రసంగమనఁగానే గోదావరి వంతెన కథయో, కృష్ణ వంతెన కథయో వినవచ్చునని మీరనుకొనియుందురు. నేఁడు నేను చెప్పఁబోవు వంతెన క్రింద నీరు పాఱదు, దానిమీఁద బండి నడువదు. ఇంటర్నెట్టు కొఱకు మీ యింటి గోడకు తగిలించిన రౌటరను పెట్టెలో అది యిమిడియున్నది. పాఠశాలలో వ్యాకరణమును లెక్కలును చెప్పి విశ్రమించిన నాకు దీని జోలి యేల యందురేమో, కారణము కలదు.

పింఛనుదారులము ఏఁటేఁట నవంబరులో బ్రతికియున్నామని నిరూపించుకొనవలెను గదా. 2014లో జీవన్ ప్రమాణ్ అను పద్ధతి వచ్చిన పిమ్మట వ్రేలిముద్రతోనే యీ పని నెఱవేఱుచున్నది. కొన్ని యేండ్ల క్రిందట నేనును మఱికొందఱు వృద్ధులును ఒక సేవాకేంద్రమునకుఁ బోయితిమి. అక్కడి నాలుగు కంప్యూటర్లును నిశ్చేష్టములై యుండెను. వానిని కలుపు చిన్న పెట్టెమీఁది పచ్చదీపములు మాత్రము పూనకము వచ్చినట్లు ఎడతెగక మినుకుచుండెను. రెండు దినములు ఊరక తిరిగితిమి. మూఁడవనాఁటికిఁ గాని దోషము తెలియలేదు. ఆ దోషమును కనుఁగొని, దానికి మందును కనిపెట్టినవారి కథయే నేఁటి ప్రసంగము.

1973 మే 22వ తేదీన, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి పాలో ఆల్టో పట్టణమున, జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమునందు రాబర్ట్ మెట్‌కాఫ్ అనునాతఁడు ఒక పత్రము వ్రాసెను. ఒకే తీఁగకు అనేక కంప్యూటర్లను తగిలించి, అవి పరస్పరము మాటలాడుకొనునట్లు చేయవచ్చునని అందలి భావము. దీనికి ఆయన ఈథరు పేరు పెట్టెను. వెలుఁగు ప్రసరించుటకు ఆధారముగా ఈథరను ద్రవ్యమొకటి కలదని పూర్వశాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. 1887లో మైకెల్సన్, మోర్లే యనువారు ప్రయోగము చేసి వెదకఁగా దాని జాడ చిక్కలేదు. మన తార్కికులు శబ్దమునకు ఆశ్రయముగా ఆకాశమును చెప్పిన వాదము నెఱిఁగినవారికి ఈ పేరు ముచ్చటగనే యుండును. లేని ద్రవ్యము పేరు ఉన్న తీఁగకు దక్కినది. మెట్‌కాఫును డేవిడ్ బాగ్స్ అనునాతఁడును కలసి కట్టిన మొదటి ఈథర్నెట్టు సెకనునకు 29 లక్షల 40 వేల బిట్లను మోసెను. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు మూఁడును కూడి కోటి బిట్ల వేగముతో దానికి నియమములు ప్రకటించెను.

దాని నడవడి రచ్చబండ మర్యాద వంటిది. ఒకరు పలుకుచుండఁగా తక్కినవారు వినవలెను. ఒక్కసారిగా ఇద్దఱు నోరు తెఱచినచో ఇద్దఱును ఆఁగి, ఇంతయని నియతిలేని కొంచెము సేపు ఊరకుండి, మరల పలుకవలెను. ఇందులకు అందఱి మాటయు అందఱికిని వెంటనే వినఁబడవలెను గనుక తీఁగ మిక్కిలి పొడవుండరాదు. ఒక తునుక 500 మీటర్లు మించరాదు. నడుమ సంకేతమునకు బలమిచ్చు సాధనములు పెట్టినను రెండు కొసల యంత్రముల నడిమి దూరము 2500 మీటర్లు దాఁటరాదు. పెద్ద సంస్థలకు ఇది చాలలేదు. అంతేకాక జనము పెరిగినకొలఁది రచ్చబండయొద్ద గొడవయే మిగులును.

అప్పుడు డిజిటల్ సంస్థలో మార్క్ కెంఫ్ అను యంత్రనిపుణుఁడు వంతెనను కల్పించెను. 1983లో ఆయన పేటెంటునకై దరఖాస్తు పెట్టఁగా 1986లో అది లభించెను. తీఁగమీఁద పోవు ప్రతి సందేశపు తలకట్టున చేరవలసినవారి గుర్తును, పంపినవారి గుర్తును ఉండును. వంతెన రెండు తీఁగల నడుమ కూర్చుండి, వచ్చిన ప్రతి సందేశమును పూర్తిగా అందుకొని, ముందు పంపినవారి గుర్తును చూచును. ఫలానావాఁడు తూర్పు గట్టువాఁడని వ్రాసికొనును. కొంతసేపటికి ఎవరే గట్టువారో దానికి తెలిసిపోవును. తూర్పువాఁడు తూర్పువానికే వ్రాసిన యుత్తరమును దాఁటనీయదు, పడమటివానికైనచో దాఁటించును. ఎవరో తెలియనిచో, లేక అందఱికిని ఉద్దేశించినదైనచో, ఆవలికి తప్పక పంపును. కొంతకాలము పలుకనివాని పేరు కొట్టివేయును. సామాన్యముగా ఈ గడువు 300 సెకన్లు. ఎవరును దానికి పాఠము చెప్పనక్కఱలేదు. బడికి రాకయే అన్నియు నేర్చుకొను ఇట్టి శిష్యుఁడు నాకొక్కఁడును దొరకలేదు.

అయితే గుణములోనే దోషమున్నది. ఒక వంతెన కూలినను పని చెడకుండుటకై అవే రెండు తీఁగల నడుమ రెండవ వంతెన వేసితిమనుకొనుఁడు. అందఱికిని ఉద్దేశించిన ఉత్తరమొకటి మొదటి వంతెనమీఁదుగా ఆవలికిఁ బోవును. రెండవ వంతెన దానిని చూచి, ఇది యందఱికిఁ గదా యని ఈవలికి దాఁటించును. మొదటిది మరల ఆవలికి పంపును. ఇన్నిమాఱులు తిరిగిన పిమ్మట నశింపవలెనను నియమము ఈ యుత్తరములకు లేదు. ఊరికూరికి నడుమ రౌటర్లు మోయు ఉత్తరములకు ఆ లెక్క యుండును. వంతెనల యుత్తరములకు మాత్రము లేదు. కావున నిమిషములో తీఁగయంతయు ఆ ప్రతిధ్వనితోనే నిండిపోవును.

దీనికి మందు కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి. ఆమెయు డిజిటల్ సంస్థలోనే పనిచేయుచు 1985లో తన పద్ధతిని ప్రకటించెను. వంతెనలు తమలో తాము మాటలాడుకొని, అన్నింటికంటె చిన్న సంఖ్య గలదానిని మూలముగా నెన్నుకొనును. తక్కినవి మూలమునకు దగ్గఱదారిని మాత్రము ఉంచుకొని, మిగిలిన దారులను మూసివైచును. అప్పుడు వల చెట్టు రూపము దాల్చును. చెట్టులో ఏ రెండాకుల నడుమనైనను త్రోవ యొకటియే గాని రెండుండవు గదా! కొమ్మ విఱిగినచో మూసిన దారి తెఱచుకొనును. ఉపాయము త్వరలోనే దొరకఁగా, మిగిలిన దినములలో ఆమె దానిని పద్యముగాఁ గూర్చెను. మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెలుఁగు పద్యములలోనికి దింపిన దేశములోని మనకు ఇది వింత గాదు. 1990లో ఈ పద్ధతి విద్యుత్ నిపుణుల సంఘమువారి నియమావళి కెక్కెను. అయినను వంతెనలను హద్దు మీఱి కూర్చినచో ఈ మందును పాఱకపోవచ్చును. 2002 నవంబరులో బోస్టన్ నగరమందలి ఒక వైద్యశాలలో ఇట్లే జరిగి, కొన్ని దినములు వైద్యులు కాగితముమీఁదనే రోగుల వివరములు వ్రాసికొనవలసి వచ్చెను.

1990 ప్రాంతమున వినోద్ భరద్వాజ్ అను భారతీయ సంతతివాఁడును లారీ బ్లేర్ అనునాతఁడును అమెరికాలో ఒక సంస్థ స్థాపించి, అనేక ద్వారములు గల వంతెనను స్విచ్చి యను పేర అమ్మిరి. సంస్థ పేరు కల్పన. అది భరద్వాజ్ గారి ధర్మపత్ని పేరు. 1994లో సిస్కో సంస్థ దానిని కొనెను.

ఇఁక మీ యింటి పెట్టె. దానిలో రౌటరొకటి, వంతెనయొకటి, రెండును కాపురమున్నవి. తీఁగలు పెట్టు ద్వారములను వైఫైని ఒకే వలగాఁ గూర్చునది వంతెన. ఆ వలకును బయటి ప్రపంచమునకును నడిమిది రౌటరు. వెనుక గదికి వైఫై అందలేదని కుమారుఁడు రెండవ రౌటరు తెచ్చుట యిప్పుడు సామాన్యము. అప్పుడు కాపలాదారులిద్దఱై, ఇద్దఱును గుర్తుసంఖ్యలు పంచసాగుదురు. కొత్తదానిని వంతెనగా మాత్రము వాడుట సులభము. దాని సెట్టింగుల పుటలో సంఖ్యలు పంచు డీహెచ్‌సీపీ యను పనిని ఆపివేయుఁడు. దాని సొంత సంఖ్య మొదటి పెట్టె వరుసలోనిదై, మఱియొకదానికి లేనిదై యుండవలెను. మొదటి పెట్టెనుండి వచ్చు తీఁగను ఇంటర్నెట్టు ద్వారములో గాక తక్కినవానిలో నొకదానఁ బెట్టుఁడు. అట్లుగాక కొత్త రౌటరే ఏలవలెనన్నచో, కంపెనీవారి పెట్టెను బ్రిడ్జి మోడు అను స్థితికి మార్చవలెను. అంతకు ముందే వారిచ్చిన యూజరునేమును పాస్‌వర్డును కాగితముమీఁద వ్రాసికొనుఁడు, ఏలయన వానిని ఇఁక కొత్త రౌటరు అడుగును. పాత పెట్టె వైఫై తఱచుగా అంతటితో ఆఁగిపోవును, చెడిపోయినదని భయపడకుఁడు.

ఒక్క జాగ్రత్త. రెండు పెట్టెల నడుమ ఒకటే తీఁగ యుండవలెను. బలమునకై రెండవది వేయకుఁడు. చౌకపెట్టెలలో పెర్ల్‌మన్ గారి మందు ఉండదు.

మా సేవాకేంద్రములో జరిగినదిదియే. ఊడ్చుటకు వచ్చిన అమ్మాయి, నేలమీఁద వ్రేలాడుచున్న తీఁగ కొసను చూచి, ఊడిపోయినదేమో పాపమని ఖాళీగా నున్న రంధ్రములో గ్రుచ్చినదఁట. దాని రెండవ కొస అదివఱకే ఆ పెట్టెలోనే యున్నది. మూఁడవనాఁడు వచ్చిన కుఱ్ఱవాఁడు ఆ యొక్క తీఁగను లాగివేయఁగానే దీపములు నెమ్మదించెను. నా వంతు మధ్యాహ్నమునకు వచ్చెను. సుద్దముక్కతో అఱిగిన నా వ్రేలిని యంత్రము రెండుమాఱులు ఒప్పుకొనలేదు, మూఁడవమాఱు ఒప్పుకొనెను.